పక్కింటి జమైకా తాత పోయారు. శుక్రవారం నాలుగు మాటలు చెప్పమన్నారు, ఏం చెప్పాలి?

తోటకూరకాడ (ఈస్ట్ హామ్, లండన్) · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. సలహా కోసం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా పక్కింటి పెద్దాయన పోయిన గురువారం తెల్లవారుజామున పోయారు. ఎనభై ఐదేళ్లు. జమైకా నుంచి 1961లో వచ్చారు. పేరు రాయను, ఇంట్లోవాళ్లకు ఇష్టం ఉంటుందో ఉండదో. మావాడు ఆయన్ని 'బస్సు తాత' అంటాడు. ముప్పై ఏళ్లకు పైగా లండన్ బస్సుల్లో మొదట కండక్టరుగా, తర్వాత డ్రైవరుగా చేశారు మరి. ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ శుక్రవారం వాళ్లింట్లో 'నైన్ నైట్' అట. నిన్న ఆయన పెద్దకూతురు తలుపు కొట్టి, "పదకొండేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నారు, నాన్న గురించి నువ్వు కూడా మాట్లాడాలి" అంది. సరేనన్నాను. అప్పట్నుంచి టెన్షన్. మా తెనాలి వైపు చావింటికి వెళ్తే కాసేపు కూర్చుంటాం, చేతిలో చెయ్యి వేస్తాం, వెళ్లొస్తామని కూడా అనకుండా లేచి వచ్చేస్తాం. నిలబడి ఉపన్యాసం ఇవ్వడం ఎక్కడిది?

నెట్‌లో వెతికితే 'ప్రేమగల భర్త, మంచి తాత' అని రెడీమేడ్ మాటలు దొరికాయి. ఆయన ఆ రెండూ అవును. కానీ అవి చదివితే ఆయన మొహం కళ్లముందుకు రావట్లేదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఏం పట్టుకెళ్లాలి? రెండు, ఏం చెప్పాలి?

---

నిజాంపేట నీళ్లట్యాంకు · ఆదివారం రాత్రి 11:15

ఓం శాంతి. నైన్ నైట్ అంటే మన దశదినకర్మ లాంటిదా? మరి మీరు స్నానం, మైల అవీ పాటించాలా? తెలియక అడుగుతున్నాను.

---

నైట్‌డ్యూటీ (బర్మింగ్‌హామ్) · సోమవారం ఉదయం 7:50

ఇప్పుడే డ్యూటీ దిగాను, పడుకునేముందు చూశాను. ఇక్కడ నర్సుగా పదిహేడేళ్లు. నాతో పనిచేసినవాళ్లలో జమైకా, బార్బడోస్ ఆడవాళ్లు చాలామంది. ఇప్పటికి నాలుగు నైన్ నైట్‌లకు వెళ్లాను.

మొదటిసారి తెల్ల చీర కట్టుకుని, ఏడుపు మొహం పెట్టుకుని వెళ్లాను. గుమ్మం దగ్గరకు వచ్చేసరికి లోపల పాటలు! ఒక మూల ముసలివాళ్లు డామినో బిళ్లలు బల్ల విరిగిపోయేటట్టు కొడుతున్నారు. నూనెలో వేయించిన చేపలు, హార్డ్ డో బ్రెడ్, మేక తలకాయతో చేసే సూపు (మానిష్ వాటర్ అంటారు), ఘాటైన తెల్ల రమ్ము. ఇల్లు తప్పొచ్చానేమో అనుకున్నాను. లోపలికి వెళ్తే చనిపోయినాయన భార్య నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఐదు నిమిషాలకు ఆవిడే ఆయన మీద జోకు వేసి నవ్వింది. అలా ఉంటుంది.

పాతకాలపు నమ్మకం ఏమిటంటే, పోయినవాళ్లు తొమ్మిదో రాత్రి దాకా ఇంట్లోనే తిరుగుతుంటారు. ఆ ఆత్మను 'డప్పీ' అంటారు. ఒక బల్ల మీద ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి పెడతారు, అర్ధరాత్రి దాటేదాకా ఎవరూ ముట్టరు. మంచం, బీరువా చోటు మార్చేస్తారు, తిరిగొస్తే గది గుర్తుపట్టకూడదని. చర్చికి గట్టిగా వెళ్లే ఇళ్లలో ఇవన్నీ చెయ్యరు, పాటలు, ప్రార్థనలే.

పట్టుకెళ్లడానికి ఏదైనా వండి తీసుకెళ్లండి, పెద్ద గిన్నెతో. పూలగుత్తి కంటే అన్నం గిన్నెకే విలువ అక్కడ. ఇంకోటి, ఖననం రోజు గట్టి బూట్లు వేసుకుని వెళ్లమని మీవారికి చెప్పండి. గొయ్యి పూడ్చే పని కూలివాళ్లకు వదలరు. మగవాళ్లే కోట్లు విప్పి పారలు అందుకుంటారు, ఆడవాళ్లు చుట్టూ నిలబడి పాడుతుంటారు.

---

తోటకూరకాడ · సోమవారం మధ్యాహ్నం 1:05

అక్కా, మీరు దేవతలా వచ్చారు. బల్ల మీద వడ్డించి పెట్టడం అంటే మా నాయనమ్మ పదో రోజు తాతయ్యకు ఇష్టమని ఉల్లి గారెలు విడిగా తీసి, కాకి ముట్టేదాకా మమ్మల్ని తిననివ్వకపోవడం గుర్తొచ్చింది.

నిజాంపేట గారూ, మైల సంగతి మా అత్తగారు కూడా ఫోన్‌లో అడిగారు. తలస్నానం చేస్తే పోతుందిలెండి.

ఆయన గురించి కొంచెం చెప్తాను, ఏది చెప్పాలో మీరే పట్టుకోండి. ఇరవై ఒకటో ఏట వచ్చారు. మరుసటి ఏడాది జులై నుంచి కామన్వెల్త్ దేశాలవాళ్ల రాక మీద కొత్త చట్టం అమల్లోకి వస్తుందని అప్పటికే గాలి ఉంది, అందుకని 1961లో ఓడలు కిక్కిరిసి వచ్చేవట. పెళ్లై ఏడాది, చంకలో పాప. భార్యకు 'సూన్ కమ్' అని చెప్పి ఓడెక్కారు. జమైకావాళ్ల నోట ఆ మాటకు గడియారం ఉండదు. మనం 'ఇదిగో వచ్చేస్తున్నా' అని ఇంట్లోంచి కదలకుండా చెప్తామే, అదే. ఆ సూన్ కమ్ నాలుగేళ్లైంది. ఆవిడ 1965లో వచ్చారు. పాప అమ్మమ్మ దగ్గరే ఉండిపోయి, ఎనిమిదో ఏట వచ్చింది. నిన్న మా తలుపు కొట్టింది ఆ పాపే, ఇప్పుడు అరవై ఐదు.

రాగానే ఇల్లు దొరకలేదు. కిటికీల్లో 'నల్లవాళ్లకు లేదు' అని అట్టలు పెట్టిన కాలం అది. ఒక గదిలో నలుగురు, షిఫ్టుల్లో మంచం. నైట్ డ్యూటీవాడు లేస్తే... కాదు కాదు, వస్తే డే డ్యూటీవాడు లేచేవాడట, పక్క చల్లబడేది కాదట. తర్వాత పార్డ్‌నర్ వేసి, ఆ డబ్బుతో ఈ ఇంటికి అడ్వాన్సు కట్టారు.

---

చిట్టీ బాధితుడు (విజయవాడ) · సోమవారం మధ్యాహ్నం 2:30

పార్డ్‌నర్ అంటే మన చీటీ కదూ? ఎక్కడికెళ్లినా చీటీ తప్పదన్నమాట. నాకు రెండుసార్లు మునిగింది, ఆ మాట వింటేనే గుండె దడ.

---

తోటకూరకాడ · సోమవారం మధ్యాహ్నం 2:48

చీటీయే, కానీ పాట ఉండదండీ. పదిమంది వారానికింత వేస్తారు, వంతులవారీగా మొత్తం ఒకరు తీసుకుంటారు. తగ్గింపు లేదు, కమిషన్ లేదు. డబ్బు దాచే ఆమెను 'బ్యాంకర్' అంటారు. మా వీధిలో ఆ బ్యాంకర్ ఇరవై ఏళ్లు ఈయన భార్యే. అప్పట్లో బ్యాంకులు వీళ్లకు ఇంటి అప్పు ఇచ్చేవి కావు, సగం బ్రిక్స్‌టన్ (లండన్‌లో జమైకావాళ్ల పేట) ఇలా కొన్నదే అని బస్సు తాత అనేవారు. సగమో కాదో, ఆయన లెక్కలు కొంచెం ఉదారంగా ఉండేవి. ట్రినిడాడ్‌లో దీన్నే సూసూ అంటారట, గయానాలో బాక్స్ హ్యాండ్.

---

గల్ఫ్ కొడుకు (జగిత్యాల) · సోమవారం రాత్రి 9:20

అక్కా, నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుత అంతే. ఆ పాప ముచ్చట దగ్గర ఆగిపోయిన.

మా నాయన మస్కట్ల ఇరవై రెండేండ్లు చేసిండు. నాకు నాలుగేండ్లప్పుడు మొదటిసారి సెలవు మీద వచ్చిండు. మూడు దినాలు చూసి, "అమ్మా, ఈ మామ ఎప్పుడు పోతడే" అని అడిగిన్నట. నాయన బయటికి పోయి బాయి కాడ కూసున్నడట. నాకు యాదికి లేదు, అమ్మ చెప్పింది. ఇప్పుడు నాయన లేడు.

ఆ పెద్దకూతురుకు వాళ్ల నాయనతోటి ఎట్ల కుదిరింది? తెలిస్తే చెప్పండి.

---

తోటకూరకాడ · సోమవారం రాత్రి 11:30

తమ్ముడూ, నీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆమె ఒకసారి చెప్పింది. ఎయిర్‌పోర్టులో కోటు, టోపీ పెట్టుకున్న మనిషి చెయ్యి చాపితే అమ్మ వెనక్కి దాక్కుందట. చాలా నెలలు ఆయన్ని 'సర్' అని పిలిచింది. ఆయన దిద్దలేదు, అలగలేదు. సెలవు రోజున తన బస్సు ఎక్కించి, కండక్టరు మెట్టు పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పేవారు. పాతకాలపు రూట్‌మాస్టర్ బస్సు తెలుసుగా, వెనకాల తలుపు లేకుండా తెరిచి ఉంటుంది. కండక్టరు తాడు లాగితే గంట. ఒక గంటకు ఆగాలి, రెండు గంటలకు కదలాలి. ఒకరోజు ఆయన టికెట్లు కొడుతూ పైమెట్ల మీద ఉంటే, ఆ పిల్ల "డాడీ, రెండు కొట్టనా?" అని అరిచిందట. పిలుపు అలా మారింది.

నువ్వు బాధపడకు. నాలుగేళ్ల పిల్లవాడి మాట అది.

---

పాత స్కోర్‌బోర్డు (హైదరాబాద్) · మంగళవారం ఉదయం 6:10

అమ్మా, నాకు డెబ్బై రెండు. వెస్టిండీస్ అనగానే నేను ఆగలేను, క్షమించు.

జమైకాకూ మన హైదరాబాద్‌కూ ఒక పాత చుట్టరికం ఉంది. 1962లో మనవాళ్లు అక్కడికెళ్లి అయిదుకు అయిదు టెస్టులూ ఓడారు. బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తల పగిలితే, రక్తం ఇచ్చినవాళ్లలో వాళ్ల కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ ఒకడు. ఫాస్ట్ బౌలింగ్ ఆడటం నేర్చుకోవాలని మన బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను పిలిపించి, 1962-63 సీజన్లో రంజీల్లో ఆడించింది. అందులో జమైకావాడు రాయ్ గిల్‌క్రిస్ట్ వచ్చింది మన హైదరాబాద్ జట్టుకే! మా నాన్న ఫతేమైదాన్‌లో చూశారు. ఆయన మాటల్లో చెప్పాలంటే, "బంతి కనబడలేదు, కీపర్ చేతుల్లో చప్పుడు వినబడింది."

మీ తాతగారు క్రికెట్ చూసేవారా?

---

తోటకూరకాడ · మంగళవారం ఉదయం 8:40

చూసేవారా అంటారేంటి బాబాయ్ గారూ! 1976లో ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ వెస్టిండీస్‌ను సాష్టాంగపడేలా చేస్తామని నోరు జారాడు కదా. ఆ ఏడాది ఓవల్ టెస్టుకు సెలవు పెట్టి వెళ్లారట. హోల్డింగ్ పద్నాలుగు వికెట్లు తీశాడు. ఆ టెస్టు గురించి చెప్పేటప్పుడు మాత్రం లెక్కలు ఒక్కటీ తప్పేవి కావు.

మా నాన్న 2017లో వచ్చినప్పటి ముచ్చట చెప్పాలి. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. బస్సు తాత మాట యాస నాకే సగం అర్థం కాదు. ఇద్దరూ పెరట్లో కంచెకు చెరోవైపు నిలబడి, నవ్వుకుని ఊరుకునేవాళ్లు. ఒక ఆదివారం మా వంటింట్లో టీ తాగుతుండగా నాన్న "నైన్టీన్ ఎయిటీ త్రీ" అని ఒక్క మాట అన్నారు. అంతే. బస్సు తాత మొహం మాడిపోయింది. లేచి, ఉప్పు డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టారు, అది రిచర్డ్స్. పంచదార డబ్బా మదన్‌లాల్. మా నాన్న నిమ్మకాయ తీసుకుని గాల్లోకి విసిరి, తనే కపిల్ అయిపోయి ఫ్రిజ్ దాకా వెనక్కి పరిగెత్తి పట్టుకున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి! బస్సు తాత చాలాసేపు ఉప్పు డబ్బా వైపే చూసి, దాన్ని తీసుకెళ్లి అలమారలో పెట్టేశారు. అవుటైన బ్యాట్స్‌మన్ పెవిలియన్‌కి వెళ్లినట్టు.

ఆ తర్వాత వాళ్లిద్దరికీ భాష అడ్డు రాలేదు.

---

సూటిగా · మంగళవారం మధ్యాహ్నం 12:15

అందరూ బాగానే రాస్తున్నారు గానీ ఒక మాట అడగనా? మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు "ఆ ఏరియాలో నల్లవాళ్లు ఎక్కువ, వద్దు" అనే మాట ఇదే ఫోరంలో వంద సార్లు చదివాను. మీరు వెళ్లినప్పుడు ఎలా ఉంది? గొడవ కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

---

నిజాంపేట నీళ్లట్యాంకు · మంగళవారం మధ్యాహ్నం 12:22

సంతాపం దగ్గర ఇప్పుడిది అవసరమా బ్రో?

---

తోటకూరకాడ · మంగళవారం మధ్యాహ్నం 1:30

అవసరమే, చెప్తాను.

2014లో ఇల్లు చూసి వెళ్లేటప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను హ్యాండ్‌బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. ఆయన చూశారు. నేను చూశారని చూశాను. ఇంటికొచ్చి మావారితో, "పక్కన ఎవరో... ఆలోచిద్దాం" అన్నాను. అద్దె తక్కువని మాత్రమే చేరాం.

చేరిన వారానికి కంచె మీంచి ఒక ఆకుకూర కట్ట వచ్చింది. కాలలూ అన్నారు. చూస్తే తోటకూర! లండన్ నేలలో మొలిచిన తోటకూర. నేను "తోటకూర" అని అరిస్తే ఆయన "తో-టా-కూరా" అని ముక్కలుగా పలికారు. ఈ ఫోరంలో నా పేరు అలా వచ్చింది. ఆ తర్వాత ఒక్కోటీ బయటపడ్డాయి. వాళ్లు కడుపు శుభ్రానికి తాగే సెరసీ టీ మన కాకరాకు. క్రిస్మస్‌కు అల్లం వేసి చేసే ఎర్రటి సోరెల్ పానీయం మన గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్ర రేకులతో చేసేది. మనం ఆకు తిని కాయ వదిలేస్తాం, వాళ్లు కాయ ఉంచుకుని ఆకు వదిలేస్తారు. "మీరు సగం గోంగూరే తింటున్నారు" అని మా నాన్న ఆయనకు చెప్పమన్నారు.

బ్యాగు సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనే మూడేళ్ల తర్వాత సారీ చెప్పాను. "కండక్టరు రోజుకు వెయ్యి బ్యాగులు చూస్తాడు" అన్నారు.

---

క్వీన్స్ కోడలు (న్యూయార్క్) · మంగళవారం సాయంత్రం 6:45

కాకరాకు టీ దగ్గర నవ్వొచ్చింది. మేముండే రిచ్‌మండ్ హిల్‌లో గయానావాళ్లు ఎక్కువ. మా కింది వాటాలో ఉండే ముసలాయన తాను 'మద్రాసీ' అంటారు. అంటే ఆయన ముత్తాతలను మద్రాసు రేవు నుంచి చెరకు తోటల పనికి ఓడలో పంపారు. గయానాకు మొదటి ఓడలు 1838లో కలకత్తా నుంచి వెళ్లాయి. తర్వాత మద్రాసు నుంచీ వెళ్లాయి, వాటిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది, మారియమ్మ పూజ, తప్పెట మిగిలాయి. వేపాకులు పట్టుకుని ఆయన ఊగుతుంటే మా ఊరి జాతరలో ఉన్నట్టే ఉంటుంది.

జమైకాకు కూడా 1845 నుంచి మనదేశపు కూలీలు వెళ్లారు. అక్కడి మేక కూర వాళ్ల చలవే. రేగుపండును అక్కడ 'కూలీ ప్లమ్' అంటారని విన్నాను. తిట్టుగా మారిన మాట ఒక పండుకు అతుక్కుపోయింది చూడండి.

మీ తాతగారి భార్య ఎలా ఉన్నారు? ఆవిడ గురించి మీరు ఎక్కువ రాయలేదు.

---

తోటకూరకాడ · మంగళవారం రాత్రి 11:55

అదే రాయలేకపోతున్నాను.

ఆవిడ ఆసుపత్రిలో నర్సులకు సహాయకురాలిగా రాత్రి డ్యూటీలు చేసేవారు, ఈయనవి పొద్దుటి డ్యూటీలు. పిల్లలు చిన్నగా ఉన్న ఏళ్లలో ఇద్దరూ కలిసేది గుమ్మం దగ్గరే. ఆవిడ కోటు విప్పుతుంటే ఈయన కోటు తొడుక్కునేవారట.

2016లో జమైకాలో ఆవిడ చెల్లెలు పోయారు. వెళ్దామంటే పాస్‌పోర్టు లేదు. యాభై ఏళ్లు పన్ను కట్టి, నలుగురు పిల్లల్ని పెంచిన మనిషిని, ఈ దేశంలో ఉండే హక్కు ఉందని రుజువు చూపించమన్నారు ఒక ఆఫీసువాళ్లు. ఒక్కో ఏడాదికీ కాగితాలు కావాలట. బస్సు తాత అటక మీంచి నీలం రంగు బిస్కెట్ డబ్బాలు దించారు, మనింట్లో సూదీదారం పెట్టుకుంటామే, అవే. మా స్కానర్ వాళ్లింటికి పట్టుకెళ్లాను. రెండు శనివారాలు కూర్చున్నాం. ఆయనవి కాదు, అన్నీ ఆవిడవే దాచారు. మొదటి జీతం చీటీ, పురిటి ఆసుపత్రి కార్డు, పార్డ్‌నర్ లెక్కల పుస్తకం, ఆవిడ కళ్లజోడు రసీదు. ఏడాది ఏడాదిగా బల్ల నిండా పరిచి, 1974 దగ్గర ఒక్క కాగితం తగ్గితే ఆ రాత్రి నిద్రపోలేదు. అంత చేసినా సమయానికి రాలేదు. చెల్లెలి అంత్యక్రియలు అయిపోయాయి. 2018లో ఇలాంటివాళ్ల గోడు పేపర్లకెక్కి, ప్రభుత్వం క్షమాపణ చెప్పాక గానీ ఆవిడ కాగితం చేతికి రాలేదు.

మరుసటి ఏడాది ఆవిడకు పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది. మాట సగం వచ్చింది. ఈమధ్య మతిమరుపు కూడా. ఆవిడకు జడలంటే ప్రాణం, తలకు గుడ్డ కట్టుకుని వదిలేస్తే ఏడ్చేవారు. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో బస్సు తాత కూతురి దగ్గర కూర్చుని జడ వెయ్యడం నేర్చుకున్నారు. మొదట్లో వేసినవి చూస్తే... మా వీధిలో పిల్లలు కూడా నవ్వారు. ఆయనా నవ్వారు. ఆరు నెలలకు చెయ్యి తిరిగింది.

వేసవిలో గుమ్మం మెట్ల మీదే కార్యక్రమం. ఆవిడ కుర్చీలో, ఈయన వెనక స్టూలు మీద. దువ్వెన తోకతో పాయ తీసి, చిన్న సీసాలోంచి నల్లటి నూనె వేలికి రాసుకుని, పాపిట వెంట అద్దేవారు. మొదటిసారి ఆ వాసన మా కిటికీలోకి వచ్చినప్పుడు నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆముదం! గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలిన నూనె తీస్తారట జమైకాలో. మా నాయనమ్మ చేసే వంటాముదం అచ్చంగా అదే. ఆవిడ చేతుల మధ్య తల పెట్టి కూర్చున్న నా చిన్నతనం మొత్తం ఆ మెట్ల మీంచి లేచొచ్చింది.

చిక్కు తియ్యాల్సి వచ్చినప్పుడు లాగేముందు ఆయన కండక్టరు గొంతుతో "హోల్డ్ టైట్, ప్లీజ్!" అనేవారు. ఆవిడ ఎడమ చేత్తో కుర్చీ మీద టక్ టక్ అని రెండు కొట్టేవారు. అప్పుడే లాగేవారు. రెండు కొట్టకపోతే దువ్వెన ఆపి కూర్చునేవారు, పది నిమిషాలైనా సరే.

---

నైట్‌డ్యూటీ · బుధవారం ఉదయం 8:05

శుక్రవారం ఏం చెప్పాలో నీకు తెలిసిపోయింది, ఇంకా మమ్మల్ని అడగకు.

---

పాత స్కోర్‌బోర్డు · బుధవారం ఉదయం 8:30

ఉప్పు డబ్బా కూడా చెప్పమ్మా. జనం నవ్వాలి కదా.

---

చిట్టీ బాధితుడు · బుధవారం ఉదయం 10:10

ఏం వండుతున్నారు?

---

తోటకూరకాడ · బుధవారం ఉదయం 10:25

పులిహోర. పెద్ద గిన్నె. ఆయనకు ఇష్టం, పైన మిరపకాయలు ఏరుకుని తినేవారు.

---

తోటకూరకాడ · ఆదివారం సాయంత్రం 4:20

వెళ్లొచ్చాను. రెండు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు.

నైట్‌డ్యూటీ అక్క చెప్పినట్టే ఉంది. వీధి మొత్తం అక్కడే. డామినోల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా వదిలేసి, ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, "పాస్" అనుకుని ముందుకెళ్తున్నారు. పులిహోర పదింటికల్లా అయిపోయింది. ఒక పెద్దాయన ఇదేం రైస్ అండ్ పీస్ (గింజలు వేసి వండే వాళ్ల అన్నం), పీస్ అంటే ఆ గింజలు ఎక్కడ అని అడిగారు. వేరుశనగలు చూపించాను.

ఆయన కోసం వడ్డించిన బల్ల మీద వేయించిన చేప, రమ్ము గ్లాసు, ఒక ప్లేటు పులిహోర. పులిహోర అక్కడ పెట్టింది నేను కాదు. ఎవరు పెట్టారో అడగలేదు.

పదకొండు దాటాక నా పేరు పిలిచారు. కాళ్లు వణికాయి. బ్యాగు భుజం మార్చిన సంగతితో మొదలుపెట్టాను. నిశ్శబ్దం. తర్వాత 'కండక్టరు రోజుకు వెయ్యి బ్యాగులు చూస్తాడు' దగ్గర గది మొత్తం విరగబడి నవ్వింది, అది ఆయన గొంతులోనే వినబడినట్టుంది వాళ్లకు. ఉప్పు డబ్బా చెప్పాను బాబాయ్ గారూ. ఒక ముసలాయన "రిచర్డ్స్ అవుట్ కాదు!" అని అరిచాడు. ఆముదం చెప్పేసరికి నా గొంతు పట్టేసింది, తెలుగులోకి వెళ్లిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఆవిడ మూల కుర్చీలో ఉన్నారు. తలకు గుడ్డ కట్టారు, వారం రోజుల్నుంచి జడ లేదు. మధ్యమధ్యలో ఆయన ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. "సూన్ కమ్, మమ్మీ" అంటోంది కూతురు.

నిన్న పొద్దున మెట్ల మీద అలికిడైతే కిటికీలోంచి చూశాను. ఆయన పెద్ద మనవడు. ముప్పై దాటిన కుర్రాడు, ఆరడుగుల మనిషి, ఆ చిన్న స్టూలు మీద మోకాళ్లు చెవుల దాకా వచ్చేలా కూర్చున్నాడు. పాయ వంకరగా తీశాడు, మళ్లీ తీశాడు. "హోల్డ్ టైట్, ప్లీజ్" అన్నాడు, నెమ్మదిగా, సిగ్గుపడుతూ. ఆవిడ కదల్లేదు. వాడు దువ్వెన పట్టుకుని అలాగే ఆగాడు. నేను లోపల కూర తిప్పడం మానేశాను. ఎంతసేపో తెలియదు, అడుగంటింది. అప్పుడు వినబడింది, టక్ టక్.

ఖననం వచ్చే నెల ఆరున. మావారికి బూట్లు కొన్నాం.

---

గల్ఫ్ కొడుకు · ఆదివారం రాత్రి 8:10

అక్కా 🙏

---

పాలమూరు పిల్లగాడు (నాగర్‌కర్నూల్) · ఆదివారం రాత్రి 9:35

అక్కా, కొత్త మెంబర్ని. మాస్టర్స్ కోసం ఈ నెల 19న లండన్ వస్తున్నా, రూము కూడా ఈస్ట్ హామ్‌లోనే. మా దిక్కు ఆముదాల పంట ఎక్కువ. మా అవ్వ ఇప్పటికీ ఇంట్లనే వంటాముదం తీస్తది. ఆ పెద్దమ్మకు తెమ్మంటరా? లీటరు సరిపోతదా?

---

తోటకూరకాడ · ఆదివారం రాత్రి 9:41

సరిపోతుంది తమ్ముడూ. సీసా మూత మీద ప్లాస్టిక్ కవరు కట్టి, బట్టల మధ్యలో పెట్టు. చేతి బ్యాగులో వద్దు, ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు.